ముసురులో దాగిన కుండపోత

నవంబరు ముసురంటే నెల్లూరు జిల్లాలో ఎవరికీ భయం ఉండదు. ఏడాది వానలో సగానికి పైగా పడేది ఈశాన్య రుతుపవనాల కాలంలోనే. చెరువు నిండాలన్నా, నారు పోయాలన్నా ఈ వానే దిక్కు. ఊళ్లు ముంచేది ముసురు కాదు, దాని మధ్యలో ఉన్నట్టుండి గంటా రెండు గంటలు విరుచుకుపడే కుండపోత. ఈ తేడా మన హెచ్చరికల్లో సరిగా కనిపించడం లేదు.

వాయుగుండం వానలో ఆకాశమంతా ఒకే మబ్బు. దాన్నుంచి రాలేది గంటకు కొన్ని మిల్లీమీటర్లే. అయితే ఆ మబ్బు లోపలే కిలోమీటర్ల ఎత్తుకు ఎగసే ఉరుము మేఘాలు పుడుతుంటాయి. వేసవిలోనైతే అలాంటి మేఘం దూరం నుంచే కనబడుతుంది. ముసురులో ఎంత తలెత్తి చూసినా తెలియదు.

బంగాళాఖాతం మీదుగా తేమ నిండిన తూర్పు గాలి వెలిగొండలు, శేషాచలం కొండల వైపు వచ్చి పైకి లేస్తుంది. చల్లబడి ఆవిరి నీరవుతుంది. అప్పుడు విడుదలయ్యే వేడి ఆ గాలిని ఇంకా పైకి నెడుతుంది. వేసవి మేఘమైతే చుట్టూ ఉన్న పొడిగాలి కలిసి నీరసపడుతుంది, చినుకుల్లో కొంత దారిలోనే ఆవిరైపోతుంది. ముసురులో చుట్టూ గాలి ముందే తడిసి ఉంటుంది కాబట్టి ఆ నష్టం తక్కువ. పైగా పై మబ్బు నుంచి రాలే చినుకులు కింది మేఘంలోని సన్న బిందువులను కలుపుకొని బరువెక్కుతాయి. ఒక మేఘం తగ్గేలోపు సముద్రం వైపు నుంచి ఇంకోటి అదే దారిలో వస్తే, గంటకు 50 మిల్లీమీటర్ల వాన ఒకే మండలం మీద పడొచ్చు.

రోజుకు 150 మిల్లీమీటర్లు సమంగా పడితే గంటకు సుమారు 6 చొప్పున. చెరువు ఆ నీళ్లను కలుజు (నిండాక మిగులు నీరు పొర్లే చోటు) మీదుగా వదిలేయగలదు. అందులో 100 మిల్లీమీటర్లు రెండు గంటల్లోనే పడితే చదరపు కిలోమీటరుకు 10 కోట్ల లీటర్లు, అదీ నానిపోయి ఇక ఇంకించుకోలేని నేల మీద. కలుజు చాలక నీళ్లు మట్టికట్ట పైనుంచి దూకితే ఆ కట్ట ఎంతోసేపు ఆగదు. మర్నాడు ఉదయం 8.30కి రాసుకునే 24 గంటల మొత్తం మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే: అతి భారీ వర్షం.

2021 నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు నీళ్లు పెన్నాలో కలిశాయి. సోమశిల జలాశయం దాటి వచ్చిన ఆ వరద నెల్లూరులో భగత్‌సింగ్ కాలనీని ముంచింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టిని కోసుకుపోయింది. అలాంటి రాత్రి గేట్ల దగ్గరున్న ఇంజినీరుకు రోజంతటి లెక్కతో పని లేదు. ఎగువన ఈ గంటలో ఎంత పడింది, వచ్చే గంటలో ఎంత పడేలా ఉందన్నదే కావాలి.

చెన్నైలో, శ్రీహరికోటలో డాప్లర్ రాడార్లు ఉన్నాయి. ముసురు లోపల ఏ మేఘం ఎగసిందో, ఎటు కదులుతోందో నిమిషాల వ్యవధిలో చూపగలవు. ఆ సమాచారాన్ని గంట గంటకూ మండలాల వారీగా విడగొట్టి సోమశిల కంట్రోల్ రూమ్‌కు, చెరువు కట్ట మీద కాపలా ఉన్నవాళ్ల ఫోన్లకు పంపాలి, అదీ తెలుగులో, మిల్లీమీటర్లతో సహా.