గుడ్డులో ఆగింది సరే, మనిషిలో ఆగిందా?

బోస్టన్‌లో మన తెలుగు సంఘం జరిపిన ఉగాది కార్యక్రమం మీద వాట్సాప్ గ్రూపుల్లో జరగాల్సిన చర్చంతా జరిగిపోయింది. పచ్చడిలో బెల్లం ఎక్కువైందని కొందరు, పంచాంగ శ్రవణం మరీ సాగిందని కొందరు, బిర్యానీ లైను జిమ్ దాకా పోయిందని దాదాపు అందరూ రాశారు. పసుపు క్యాన్సర్‌ను ఆపేస్తుందని చెప్పిన మధ్యాహ్నం ఆరోగ్య సదస్సుకు మాత్రం చేతులు జోడించిన బొమ్మలు, ‘కళ్లు తెరిపించారు’ అన్న మెసేజ్‌లు. నాకు మింగుడు పడనిది అదొక్కటే. అందుకే ఎడిటర్ గారిని ఈ పేజీలు అడిగి తీసుకున్నాను.

రాని వాళ్ల కోసం చెప్తున్నాను. వక్త ఇండియా నుంచి వచ్చారు. పేరు అనవసరం, ఆయన బదులు ఇంకొకరొచ్చినా అదే స్లైడు వేసేవారు. దాని మీద రెండు కోడిగుడ్ల ఫొటోలు, పెంకు పైభాగం తీసేసి లోపలి పొర కనబడేట్టు తీసినవి. ఎడమ గుడ్డు నిండా ఎర్రటి రక్తనాళాలు. కుడి గుడ్డులో నడిమధ్య నాళాలు లేకుండా బోడిగా ఒక వలయం. కింద ‘పసుపు దెబ్బకి క్యాన్సర్‌కి అన్నం నీళ్లు బంద్’ అని తెలుగులో. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. బయట చీరల స్టాలు పక్కన పెట్టిన క్యాప్సూల్ డబ్బాలు, పసుపు సారంలో మిరియాల సారం కలిపినవి, దీపాలు పెట్టే వేళకి ఒక్కటి మిగల్లేదు. ఆ స్టాలు వాళ్లే మనకు ప్లాటినం స్పాన్సర్లు కూడా.

ఆ బోడి వలయం నాకు బాగా తెలుసు. బోస్టన్‌లో ఒక ల్యాబులో, కణితులకు రక్తం అందకుండా చేసే పదార్థాలను పరీక్షించడమే నా ఉద్యోగం. పొదిగించే గుడ్లు ఫారం నుంచి అట్టల్లో వస్తాయి. వాటిని కోడిపెట్ట కింద ఉన్నంత వెచ్చగా పెట్టెలో ఉంచుతాం. కొన్ని రోజులయ్యాక చీకటి గదిలో గుడ్డు కింద దీపం పెట్టి చూస్తే సన్నటి నాళాలు, వాటి మధ్య కొట్టుకుంటున్న చుక్క కనబడతాయి. పెంకులో చిన్న కిటికీ కోసి, పొర మీద మందు ఇంకించిన బిళ్ల పెట్టి, టేపుతో మూసేస్తాం. రెండు మూడు రోజులకు తెరిచినప్పుడు బిళ్ల చుట్టూ నాళాలు లేకపోతే మందు పనిచేసినట్టు. ఈ పరీక్ష అంత ఖరీదైనది కాదు. త్వరగా తేలుతుంది, ఫొటోకి అందంగా ఉంటుంది. స్లైడ్లలోకి అదే ఎక్కడానికి కారణం ఈ మూడోదే అని నా అనుమానం.

నా చేతి మీదుగా మొదటిసారి అలాంటి వలయం వచ్చినప్పుడు పక్క బెంచీ వాళ్లను లాక్కొచ్చి చూపించాను. రాత్రికి తెనాలి ఫోన్ చేసి అమ్మకు చెప్పాను. తెల్లారేసరికి ఆవిడ పాలబ్బాయి నుంచి గుడి పూజారి గారి దాకా అందరికీ చెప్పేసింది, ‘మా అమ్మాయి క్యాన్సర్ మందు కనిపెట్టింది’ అని. ఆ మందు తరువాత ఎలుకల దగ్గరికి వెళ్లింది. ఎలుక కాలేయం దాన్ని చూస్తూ చూస్తూ విరగ్గొట్టి బయటికి పంపేసింది. మోతాదు పెంచితే ఎలుకలు బరువు తగ్గి మూలకు ఒదిగాయి, కణితి మాత్రం తన మానాన తాను పెరిగింది. ఆ సీసా ఫ్రీజర్‌లో ఇంకా ఉంది. ఈ సంగతి కూడా అమ్మకు చెప్పాను. ఇది మాత్రం పూజారి గారి దాకా వెళ్లలేదు.

మా రంగంలో ఇది రోజూ జరిగేదే. అసలు ఈ రంగం పుట్టింది మన ఊళ్లోనే. చిల్డ్రన్స్ హాస్పిటల్ సర్జన్ జూడా ఫోక్‌మన్ 1971లో ఒక వ్యాసం రాశారు. కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే తన వైపు కొత్త రక్తనాళాలను రప్పించుకోవాలని, వాటిని అడ్డుకుంటే కణితిని కూడా అడ్డుకోవచ్చని ఆయన వాదన. చాలా ఏళ్లు పెద్దలు నమ్మలేదు. ఆయన ల్యాబు నుంచి నాళాలను అడ్డుకునే రెండు ప్రోటీన్లు, 1994లో యాంజియోస్టాటిన్, 1997లో ఎండోస్టాటిన్, బయటికొచ్చాయి. ఎలుకల్లో కణితులు కుంచించుకుపోయాయి. 1998 మే 3, ఆదివారం నాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఆ వార్త వచ్చింది. శుక్రవారం 12 డాలర్ల దగ్గరున్న వాటిని మందులుగా తేవాలని చూస్తున్న ఎంట్రీమెడ్ కంపెనీ షేరు సోమవారం మార్కెట్ మూసే వేళకి 50 దాటింది. అంత గోలలోనూ ఫోక్‌మన్ చెప్పింది ఒకటే: మీరు ఎలుక అయి, మీకు క్యాన్సర్ వస్తే, మేం మిమ్మల్ని బాగా చూసుకోగలం. ఎండోస్టాటిన్ అమెరికాలో మందుగా నిలవలేదు. చైనాలో దాని రూపాంతరం ఒకదానికి 2005లో అనుమతి వచ్చింది.

అయినా ఆయన ఆలోచన వృథా పోలేదు. నాళాలను పిలిచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను 1989లో నపోలియోనె ఫెరారా బృందం పట్టుకుంది. దాన్ని అడ్డుకునే మందు అవాస్టిన్‌కు 2004 ఫిబ్రవరిలో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్ ముదిరినవాళ్లకు అనుమతి వచ్చింది. దానికి ఆధారమైన పరీక్షలో 813 మంది రోగుల్ని పోల్చి చూశారు. కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లలో సగం మంది 15.6 నెలలు దాటి బతికితే, అవాస్టిన్ కలిపి తీసుకున్నవాళ్లలో సగం మంది 20.3 నెలలు దాటి బతికారు. తేడా ఐదు నెలలు కూడా లేదు. ఆ నెలల్లో కూతురి పెళ్లి చూసుకున్నవాళ్లు ఉంటారు, వాటిని చిన్నచూపు చూడను. కానీ రొమ్ము క్యాన్సర్‌కు అదే మందుకు అమెరికాలో 2008లో ఇచ్చిన అనుమతిని 2011లో వెనక్కి తీసుకున్నారు. ఆయుష్షు పెంచుతుందని తేలలేదు. రక్తపోటు, రక్తస్రావం, పేగుకు చిల్లి పడటం లాంటి ముప్పులు మాత్రం తేలాయి. ఒక దారి మూస్తే కణితి ఇంకో దారిలో నాళాలను పిలుచుకుంటుంది, లేదా ఉన్న నాళాల వెంటే పాకుతుంది.

ఈ చరిత్రంతా స్టేజీ మీద చెప్పమని నేనడగను, అవతల పిల్లల కూచిపూడి ఉంటుంది. కానీ పసుపు విషయంలో ఇదే దారి ఎక్కడి దాకా వచ్చిందో చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.

పసుపంటే నాకు పడదని గిట్టనివాళ్లు అనుకుంటున్నారట. మా ఇంట్లో దుగ్గిరాల పసుపు తప్ప ఇంకోటి వాడం. అమ్మ కొమ్ములు కొని, దగ్గరుండి ఆడించి, ఎవరు వస్తుంటే వాళ్ల పెట్టెలో చీర మడతల మధ్య పెట్టి పంపుతుంది. ఆ చీరలు కట్టుకుంటే ఆ వాసన రావలసిందే. జలుబు చేస్తే పాలలో పసుపు, మిరియాల పొడి. పిల్లలు ముఖం తిప్పుకుంటారు, నేను వదిలిపెట్టను. దానికి ఏ పరీక్షలో ఏం తేలిందని నేనెప్పుడూ వెతకలేదు, వెతకబోవడం లేదు కూడా.

ల్యాబులోనూ పసుపు ఉత్తదేం కాదు. పసుపులోని కుర్కుమిన్ ఎలుక కంటిలో కొత్త నాళాలు మొలవకుండా ఆపగలదని 1998లోనే బోస్టన్ పరిశోధకులు చూపించారు. కాబట్టి స్లైడు వరకు మన వక్త చెప్పింది నిజమే. దాని పక్కన ఉండాల్సిన రెండో స్లైడు వేయలేదు. అందులో ఉండాల్సింది ఇది. క్లోమ క్యాన్సర్ ఉన్నవాళ్లకు హ్యూస్టన్‌లో రోజుకు 8 గ్రాముల కుర్కుమిన్ ఇచ్చి 2008లో ఫలితాలు ప్రచురించారు. లెక్కకు వచ్చిన 21 మందిలో ఇద్దరికే ఏదో మేలు కనిపించింది. రక్తంలోకి చేరింది మాత్రం అతి స్వల్పం. పసుపులో కుర్కుమిన్ మూడు శాతం దగ్గర ఉంటుంది. 8 గ్రాములు రావాలంటే రోజుకు పావు కిలో పైనే పసుపు తినాలి. మా అమ్మ పంపింది వారం రాదు. 2017లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చినదంతా తిరగేసి, 120కి పైగా పరీక్షలు జరిగినా, ఎవరికి మందు ఇచ్చారో ఎవరికి ఉత్త బిళ్ల ఇచ్చారో డాక్టర్‌కీ రోగికీ తెలియకుండా చేసిన పరీక్షల్లో ఒక్కటీ నెగ్గలేదని రాశారు.

ఇంకొక సంగతి హాల్లో ఎవరూ అడగలేదు. ఆ ప్రసంగంలోనే పసుపు పుండ్లు మాన్పుతుందని కూడా చెప్పారు, నాళాలు మొలవనివ్వదని కూడా చెప్పారు. పుండు మానాలంటే కొత్త నాళాలు రావాలి. అవాస్టిన్ వాడుతున్నవాళ్లకు ఆపరేషన్‌కు ముందు, తరువాత కనీసం 28 రోజులు మందు ఆపేది ఇందుకే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఆయన్ను అడగాలని నేను మైకు అందుకున్నాను. ఎమ్సీ గారు ‘డాక్టరమ్మా, పిల్లలు మేకప్‌తో ఉన్నారు, ఒక్క మాటలో’ అన్నారు. ఒక్క మాటలో కాలేదు, మైకు వెళ్లిపోయింది. వెనక వరసలోంచి ఎవరో, ‘ఇక్కడి చదువులు తలకెక్కితే అమ్మమ్మల వైద్యం లోకువే’ అన్నారు. నవ్వులు. పసుపుతో పుండ్లు మాన్పడం మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ 1997లో రద్దు చేయించినప్పుడు గర్వపడినవాళ్లం మనమే. ఆ కేసు అమ్మమ్మల మీద ప్రేమతో గెలవలేదు, పాత గ్రంథాల్లోంచి ఆధారాలు తీసి ముందు పెట్టి గెలిచారు.

నవ్వులు నేను మర్చిపోతాను. భోజనాల లైనులో ఒక అక్క చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి అడిగిందే, అది మర్చిపోలేను. ఆవిడ కీమో తీసుకుంటున్న సంగతి ఆ హాల్లో నలుగురికి మించి తెలియదు. మనం జబ్బును సంబంధం తప్పిన పెళ్లిలా దాచుకుంటాం, పిల్లల భవిష్యత్తు కోసం అంటాం. చేతిలో రెండు డబ్బాలు. ‘ఇవి వేసుకుంటే ఆ సూదులు ఆపేయొచ్చంటావా? వాటితో నరకంగా ఉందే.’ ఆపొద్దన్నాను. వేసుకునే ముందు మీ డాక్టర్‌కు చూపించక్కా అన్నాను. ‘వాళ్లకి ఇవన్నీ ఏం తెలుస్తాయిలే’ అంది.

వాళ్లకు తెలియాల్సిందే. మిరియాల్లోని పైపెరీన్ 20 మిల్లీగ్రాములు కలిపితే కుర్కుమిన్ రక్తంలోకి ఇరవై రెట్లు ఎక్కువగా చేరుతుందని 1998లో బెంగుళూరులో తేల్చారు. ఈ డబ్బాల వ్యాపారమంతా నిలబడింది దాని మీదే. పైపెరీన్ చేసే పని, మందుల్ని విరగ్గొట్టే ఎంజైములకు అడ్డు తగలడం. కీమో మందుల్లో చాలావాటిని విరగ్గొట్టేది కూడా అవే. ఏది ఎంత మోతాదులో ఒంట్లో నిలుస్తుందో డాక్టర్ వేసిన లెక్క తప్పిపోతుంది. పసుపు బిళ్లలతో కాలేయం దెబ్బతిన్న పది కేసులను అమెరికాలో 2022లో నివేదించారు. అందులో ఒకరు చనిపోయారు. ఇది కూరలో వేసే చిటికెడు గురించి కాదు, డబ్బాల గురించి.

మన సభల్లో శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటోకు దండ వేయకుండా ఏ ఏడాదీ గడవదు. ఆయన ఈ బోస్టన్‌కు చదువుకోవడానికి వచ్చినప్పుడు ఆసరా ఇచ్చినవాటిలో కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఒకటి. ఆ సత్యలింగం గారు రంగూన్ వలస వెళ్లి సంపాదించినాయన. ఒక ప్రవాసి డబ్బు ఇంకో ప్రవాసిని ల్యాబు దాకా చేర్చింది. సుబ్బారావు గారి బృందం లెడర్లీ అనే మందుల కంపెనీలో తయారుచేసిన మందు అమినోప్టెరిన్‌ను డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లోనే లుకీమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో వచ్చిన ఆ వ్యాసంలో 16 మందిలో 10 మందికి మెరుగైందని రాస్తూనే, ఆ మెరుగు తాత్కాలికమని శీర్షికలోనే పెట్టారు. అంతకు ముందు ఏ మందూ లొంగదీయని జబ్బు అది. అక్కడ కూడా అంతకు మించి ఒక్క అక్షరం ఎక్కువ చెప్పలేదు.

కాబట్టి కార్యవర్గం పెద్దలకు, ముఖ్యంగా హెల్త్ కమిటీ వాళ్లకు నా విన్నపం. స్పాన్సర్ల డబ్బు వద్దనను, హాలు అద్దె నాకూ తెలుసు. కానీ డబ్బాలు అమ్మేవాళ్లనూ ఆరోగ్యం చెప్పేవాళ్లనూ ఒకే స్టేజీ ఎక్కించకండి. ఎవరు వచ్చినా ముందుగా ఒకటి అడగండి: మీరు చెప్పేది గిన్నెలో కణాల మీద తేలిందా, గుడ్డులోనా, ఎలుకలోనా, మనుషుల్లోనా? మనుషుల్లో అయితే ఎంతమందిలో? జవాబును మొదటి స్లైడులోనే వేయమనండి. ప్రశ్నలకు కేటాయించిన సమయాన్ని డాన్సు ఐటమ్ కోసం కోసేయకండి. మన పిల్లల్లో ఎంతమంది ఇక్కడి ల్యాబుల్లో పీహెచ్‌డీలు, పోస్ట్‌డాక్‌లు చేస్తున్నారో మీకు తెలుసు. ఉగాది నాడు వాళ్లు వంటల దగ్గర గరిటెలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో ఒకరిని పిలవండి.

దీపావళి కార్యక్రమానికి ఇంకా వక్తను ఖరారు చేయలేదని విన్నాను. పిలిస్తే నేనైనా వస్తాను. మాట్లాడటానికి ఇరవై నిమిషాలు, ప్రశ్నలకు అరగంట చాలు. శాలువా, మెమెంటో అక్కర్లేదు. భోజనాలు ఆలస్యమవుతాయంటే ముందే వడ్డించేయండి, తింటూ వింటారు.