గాజు మండపంలో గానుగెద్దు

మా ఇంటి కంప్యూటర్ ఇప్పుడు 1,67,77,216 రంగుల్లో వెలుగుతుంది. ఎక్సెల్ ఫైలు మాత్రం తెరవదు. అలా అంటే అన్యాయం, తెరుస్తుంది. నేను పాలు కాచి, కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేసరికి తెరుస్తుంది.

రంగుల లెక్కలో అతిశయోక్తి లేదు. ఎరుపుకు 256 మెట్లు, ఆకుపచ్చకు 256, నీలానికి 256. గుణించి చూసుకోండి. ఈ వ్యవహారం మొత్తంలో మా మేనల్లుడు సరిగ్గా వేసిన లెక్క అదొక్కటే.

2018లో కొన్న డెస్క్‌టాప్ నత్తనడక నడుస్తోంది, చేతిలో 15,000 ఉన్నాయి, ముందు ఏ భాగం మార్చాలి అని వాడిని అడిగాను. జాతకం చూసేవారికైనా పుట్టిన వేళ చెప్పాలి. మావాడికి అదీ అక్కర్లేకపోయింది. నన్ను బండెక్కించుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒక దుకాణానికి తీసుకుపోయాడు. "ముందు క్యాబినెట్ మార్చాలి సార్" అన్నాడు దుకాణదారు. క్యాబినెట్ అంటే భాగాలన్నీ కూర్చునే పెట్టె. పక్కన గాజు, ముందూ గాజే. ఆ ముందు గాజును ఆనుకుని రంగురంగుల లైట్లున్న ఫ్యాన్లు మూడు. వాటికి గాలి ఎక్కడి నుంచి వస్తుందని అడిగాను. "చూడటానికి బాగుంటుంది సార్" అన్నాడు. ప్రాణాయామం తెలిసిన ఫ్యాన్లు కాబోలు అనుకుని డబ్బు కట్టేశాను.

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగింది చెప్పి తీరాలి. స్విచ్ వేయగానే హాలంతా మొదట ఊదా, తర్వాత పచ్చ, ఆ తర్వాత పేరు లేని ఏదో రంగు. మా అమ్మ గాజుకు కుంకుమ బొట్టు పెట్టింది. ఎదురింటావిడ తలుపు తోసుకుని వచ్చి, చవితి ఇంకా రాలేదు కదా, అప్పుడే మండపం కట్టారేమిటి అని అడిగింది. పై అంతస్తు పిల్లలు వరుసగా కూర్చున్నారు. మా ఆవిడ చేసేది లేక తలా గుప్పెడు అటుకులు పెట్టింది. ప్రసాదం అయిపోయింది, భక్తులు లేచి వెళ్లిపోయారు, విండోస్ గుర్తు కింద చుక్కలు మాత్రం ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి.

ఎందుకు తిరగవు? ఉత్సవ విగ్రహానికి చేయించిన నగలు మూలవిరాట్టుకు పనికొస్తాయా? గర్భగుడిలో ఉన్నది ఫైళ్లన్నీ దాచే పాత హార్డ్ డిస్కే. నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతూ, అక్కడో ముక్క, ఇక్కడో ముక్క వెతుక్కుని తెచ్చే గానుగెద్దు. దాని బదులు పెట్టుకోగలిగేది, ఫైళ్లను చిప్పుల్లో దాచేది ఎస్‌ఎస్‌డీ. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు. వెతుకులాట హార్డ్ డిస్కుతో పోలిస్తే వంద రెట్లు వేగంగా ముగుస్తుంది.

డబ్బు తీయకముందే చేయగలిగిన పరీక్ష ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ భాగం ఎంత పనిలో మునిగి ఉందో అది చూపిస్తుంది. మా దాంట్లో లెక్కలు చేసే ప్రాసెసర్ 9 శాతం, డిస్క్ 100 శాతం. అంటే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. "అయితే గ్రాఫిక్స్ కార్డు వేయాలి మామయ్యా" అన్నాడు మేనల్లుడు. ముందు ఎస్‌ఎస్‌డీ, పని చేసేటప్పుడు ఫైళ్లు పరుచుకునే ర్యామ్ నిండిపోతుంటే ర్యామ్, తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు జోలికి పోయేముందు అన్నిటికీ కరెంటు అందించే మంచి ఎస్‌ఎంపీఎస్. ఇంతే కదా వాడు చెప్పాల్సింది! కానీ ఇవేవీ వెలగవు. వెలగనిదాన్ని నలుగురికి ఎలా చూపిస్తాం?

క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ సంగతీ చెబుతాను. పైన పెద్ద అక్షరాల్లో 500 వాట్లు. పక్కన చీమతలకాయంత అంకెల్లో 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు. గుణిస్తే 168 వాట్లు. కంప్యూటర్‌లో ఆకలిగొన్న భాగాలన్నీ తినేది ఆ 168 నుంచే.

నా 15,000 నా తెలివితక్కువతనానికి కట్టిన పన్ను, దానికి ఏడవను. కానీ ఆ రోజు నా పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. కూతురికి ఇంజనీరింగ్‌లో సీటు వచ్చిందట. నోట్లు రబ్బరు బ్యాండు తీసి రెండుసార్లు లెక్కపెట్టాడు. "ఐ7 కదండీ?" అని ఒక్కటే ప్రశ్న. "ఐ7 సార్, పైగా లైట్లు కూడా." ఇంటెల్ ప్రాసెసర్లలో ఐ3 కంటే ఐ7 పై మెట్టు. ఐ7 నిజమే. 2012 నాటి మూడో తరం ఐ7. 2022లో వచ్చిన ఐ3 దాన్ని అలవోకగా దాటిపోతుంది. విండోస్ 11 అధికారిక జాబితాలో దానికి చోటు లేదు. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇవన్నీ అమ్మేవాడికి తెలుసు. తెలిసే అమ్మాడు. తుక్కుకు గాజు తొడిగి, రంగులు పూసి, ఒక పిల్ల నాలుగేళ్ల చదువుకు అంటగట్టడం వ్యాపారం కాదు, దొంగతనం. నాకు సగమైనా తెలిసి నోరు మెదపకుండా నిలబడ్డాను, ఆ సిగ్గు వేరే.

డబ్బు కట్టాక ఆయన గాజు వైపు కాసేపు చూసి మెల్లగా అడిగాడు: "ఈ లైట్లు ఆర్పుకోవచ్చా బాబూ? మాది ఒకటే గది. అమ్మాయి చదువుకుంటుంటే చిన్నోడు పడుకోవాలి."

"రిమోట్ ఇస్తాం సార్" అన్నాడు దుకాణదారు. "ఉచితం."