కోర్టు రిపోర్టర్ శిక్షణను మధ్యలో వదిలేయడం విద్యార్థుల తప్పేనా?

అమెరికాలో కోర్టు రిపోర్టర్, అంటే విచారణలో పలికే ప్రతి మాటనూ స్టెనో యంత్రం మీద ఉన్నదున్నట్టు రాసే ఉద్యోగి, శిక్షణలో చేరిన ప్రతి పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మంది చదువు పూర్తిచేయకుండానే వెళ్ళిపోతారన్న మాట ఆ వృత్తిలో ఏళ్ళ తరబడి వినిపిస్తోంది. ఆ మాట చెప్పేవారి గొంతులో విచారం కంటే గర్వమే ఎక్కువగా ధ్వనించడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. "ఇది అందరికీ అబ్బే విద్య కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఒక నర్సింగ్ కళాశాలలో ఇంతమంది మానేస్తే బోధనను, పాఠ్యప్రణాళికను, ప్రవేశ విధానాన్ని నిలదీస్తారు. ఇక్కడ మాత్రం వెళ్ళిపోయినవారి వేళ్ళ చురుకునూ పట్టుదలనూ శంకిస్తారు. విద్య కష్టమైనది కాబట్టి కొందరు వదులుకోవడం సహజమే. అయితే చాలామంది వెళ్ళిపోవడానికి కారణం శిక్షణను నడిపే తీరేనని, ముఖ్యంగా ముందుకు సాగలేక నిలిచిపోయిన విద్యార్థికి తానెక్కడ చిక్కుకున్నాడో చెప్పే ఏర్పాటు లేకపోవడమేనని నా అభిప్రాయం.

ఈ విద్యతో పరిచయం లేనివారి కోసం కొంత వివరించాలి. స్టెనో యంత్రం మీద అక్షరాలను ఒకదాని తర్వాత ఒకటిగా కొట్టరు. అనేక మీటలను ఒకేసారి నొక్కి ఒక ధ్వనినో, ఒక పదాన్నో, ఒక్కోసారి ఒక పూర్తి పదబంధాన్నో ఒకే స్ట్రోక్‌లో రాస్తారు. ఎడమచేతి వేళ్ళు పదం మొదట్లోని హల్లులను, బొటనవేళ్ళు అచ్చులను, కుడిచేతి వేళ్ళు చివరి హల్లులను చూసుకుంటాయి. మీటలు ఇరవై పైచిలుకే కాబట్టి ఇంగ్లీషులోని చాలా ధ్వనులకు రెండు, మూడు మీటల కలయికే గతి. మొదటి దశలో నేర్పే ఈ పద్ధతిని థియరీ అంటారు. ఆ తర్వాత మొదలయ్యేది వేగం పెంచుకునే దశ: నిమిషానికి 60 పదాలు, 80, 100, 120 అంటూ చివరికి 225 దాకా ఎక్కాలి. జాతీయ కోర్టు రిపోర్టర్ల సంఘమైన ఎన్‌సీఆర్‌ఏ ఇచ్చే ఆర్‌పీఆర్ (రిజిస్టర్డ్ ప్రొఫెషనల్ రిపోర్టర్) ధ్రువపత్రానికి మూడు నైపుణ్య పరీక్షలు ఉంటాయి. సాహిత్య వచనాన్ని నిమిషానికి 180 పదాల వేగంతో, జ్యూరీకి న్యాయమూర్తి చేసే సూచనలను 200తో, ప్రశ్నోత్తర రూపంలోని సాక్ష్యాన్ని 225తో ఐదేసి నిమిషాలు రాసి, ఒక్కోదానిలో కనీసం 95 శాతం కచ్చితత్వం చూపాలి.

థియరీలో మానేసేవారు ఎందుకు మానేశారో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. విచిత్రమంతా వేగం దశలోనే ఉంది. థియరీని చక్కగా నేర్చి, వంద దాటి, ఇక ఇబ్బంది లేదనుకున్న విద్యార్థి 140 దగ్గరో 160 దగ్గరో నెలల తరబడి నిలిచిపోతాడు. రోజూ అంతే సేపు సాధన చేస్తున్నా పరీక్ష గట్టెక్కదు. దీనికి కారణం సోమరితనం కాదు. నిమిషానికి 60 పదాల దగ్గర ఒక్కో పదానికి ఒక సెకను దొరుకుతుంది. విని, ఆలోచించి, ఏ మీటలు నొక్కాలో గుర్తుతెచ్చుకుని నొక్కవచ్చు. 225 దగ్గర ఒక్కో పదానికి దక్కేది పావు సెకను కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఆ వ్యవధిలో ఆలోచనకు చోటు లేదు. విన్న ధ్వని నేరుగా వేళ్ళలోకి దిగాలి. అంటే తక్కువ వేగంలో గట్టెక్కించిన ఆలోచించి రాసే పద్ధతే ఒక దశ దాటాక అడ్డుపడుతుంది. అలాంటి విద్యార్థికి చాలాచోట్ల దొరికే సలహా ఒక్కటే: ఇంకా సాధన చెయ్యి. పనిచేయని పద్ధతినే రెట్టింపు గంటలు చేయమనడం సలహా ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

పరీక్షల తీరు ఈ నష్టాన్ని ఇంకా పెంచుతుంది. 225 వేగంతో ఐదు నిమిషాలంటే 1,125 పదాలు. 95 శాతం లెక్కన 56 తప్పుల వరకు మన్నిస్తారు. 57 తప్పులు చేసినవాడికీ 300 తప్పులు చేసినవాడికీ చేతికందే ఫలితం ఒకటే: తప్పాడు. వృత్తి ప్రవేశానికి పెట్టిన పరీక్షలో అది న్యాయమే, దాన్ని మార్చమని నేను అడగడం లేదు. కానీ నేర్చుకునే దశలో ప్రతి మెట్టు దగ్గరా అదే కొలతను వాడి, పాఠశాల మొత్తం ఫలితాన్ని నెగ్గాడు, తప్పాడు అన్న రెండు మాటల్లో కుదించడం బోధన అనిపించుకోదు. ఆ 57 తప్పుల్లో ఎన్ని పూర్తిగా వదిలేసిన పదాలు, ఎన్ని వేలు పక్క మీట మీద పడినవి, ఎన్నిచోట్ల రెండు స్ట్రోక్‌లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, ఎన్నిచోట్ల ఒక బ్రీఫ్ (పదానికో పదబంధానికో వాడే కుదించిన స్ట్రోక్) గుర్తురాక తడబడితే దాని వెనకాలే మూడు, నాలుగు పదాలు కొట్టుకుపోయాయి అన్నది చూస్తేనే రేపటి సాధన ఏమిటో తెలుస్తుంది. వదిలేయడం వినికిడిని నిలుపుకోలేని సమస్య, పక్క మీట చేతి అమరిక సమస్య, తడబాటు జ్ఞాపకం సమస్య. మూడింటికీ మందు వేరు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ ప్రతి స్ట్రోక్‌నూ అది పడిన సమయంతో సహా దాచగలదు. వేళ్ళు ఎక్కడ ఆగాయో చూడటానికి ఆధారం కళ్ళముందే ఉంటుంది. దాన్ని తెరిచి చూసి విద్యార్థి పక్కన కూర్చునే గంటలకు అధ్యాపకులకు జీతం ఇవ్వాలి. నిలిచిపోయినవారిని నిలబెట్టుకోవాలంటే ముందుగా డబ్బు పెట్టాల్సింది ఇక్కడేనని నా నమ్మకం.

ఎవరూ పెద్దగా మాట్లాడని మరో చిక్కు ఫెడరల్ ఆర్థిక సహాయం. ఆ సహాయం కొనసాగాలంటే విద్యార్థి సంతృప్తికరమైన ప్రగతి చూపాలి, కార్యక్రమం ప్రకటించిన నిడివికి 150 శాతానికి మించని కాలంలో పూర్తిచేయాలి. తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు తిరిగి చెల్లించనక్కర్లేకుండా ఇచ్చే పెల్ గ్రాంటుకైతే జీవితకాలంలో 12 సెమిస్టర్లకు సమానమైన పరిమితి ఉంది. చరిత్ర పాఠానికో లెక్కల పాఠానికో ఈ నిబంధన సరిపోతుంది, ఎందుకంటే సెమిస్టర్ ముగిస్తే పాఠమూ ముగుస్తుంది. వేగానికి క్యాలెండర్ తెలియదు. ఒకే వేగం తరగతిని రెండుసార్లు, మూడుసార్లు చదివిన విద్యార్థి కాగితం మీద విఫలుడు, వాస్తవానికి 142 నుంచి 156కు చేరినవాడు. రెండేళ్ళలో పూర్తవుతుందని ప్రకటించిన కార్యక్రమంలో మూడేళ్ళ తర్వాత 180 దగ్గర ఉన్నవాడు తన లోపం వల్ల కాక సహాయం ఆగిపోవడం వల్ల వెళ్ళిపోతాడు, లెక్కల్లో మాత్రం మధ్యలో మానేసినవాడిగానే నమోదవుతాడు. పాఠశాలలు 120 నుంచి 140కి, అక్కడి నుంచి 160కి ఉన్న ఇరవై పదాల అంగలను ఐదేసి, పదేసి పదాల మెట్లుగా విడగొట్టి, వాటికి క్రెడిట్లు ఇచ్చి, నిజమైన ప్రగతి కాగితం మీదా కనబడేలా చేయవచ్చు. కార్యక్రమం నిడివిని ఉన్నదున్నట్టు ప్రకటించాలి కూడా. రెండేళ్ళని చెప్పి చేర్చుకోవడం ఫీజు రాబట్టడానికి బాగానే పనికొస్తుంది. మూడో ఏట తనను తాను అసమర్థుడిగా భావించుకునే విద్యార్థిని తయారుచేసేదీ అదే.

ప్రవేశాల విషయంలో మాత్రం కొంత మెరుగుదల ఉంది. యంత్రం మీద అక్షరమాలను నేర్పే ఎ టు జెడ్ అనే ఉచిత పరిచయ తరగతులను ఎన్‌సీఆర్‌ఏ నడుపుతోంది. ప్లోవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చాక, ఖరీదైన యంత్రం కొనకుండానే అనువైన సాధారణ కీబోర్డు మీద స్టెనో రుచి చూసే వీలు కలిగింది. చేరే ముందు ఇలా కొన్ని వారాలు గడిపి తన వల్ల కాదని తెలుసుకుని వెనుదిరిగినవాడు మానేసినవాడు కాదు, అప్పులపాలు కాకుండా బయటపడినవాడు. ప్రతి పాఠశాలా ఇలాంటి పరిచయాన్ని తప్పనిసరి చేయాలి.

నిజమైన పనిని ముందుగా చూపించడం మీద కూడా శ్రద్ధ చాలదు. వేగం బాగా పెరిగాకే, శిక్షణ చివర్లో, విద్యార్థిని ఒక వృత్తి రిపోర్టర్ పక్కన ఇంటర్న్‌గా కూర్చోబెట్టడం మామూలు. అప్పటికి మిగిలేది కొద్దిమందే. 80 పదాల దగ్గర ఉన్నవాడికే, సంబంధిత పక్షాల అనుమతితో, ఒక డిపొజిషన్‌ను, అంటే కోర్టు బయట ప్రమాణం చేయించి సాక్ష్యం తీసుకోవడాన్ని, చూపిస్తే తప్పేమిటి? న్యాయవాదులు ఒకరి మాటకు మరొకరు అడ్డుతగలడం, సాక్షి తల ఊపితే నోటితో జవాబు చెప్పమని కోరడం, వైద్య నిపుణుడు గుక్క తిప్పుకోకుండా పారిభాషిక పదాలు పలకడం, రిపోర్టర్ మర్యాదగా ఆపి మళ్ళీ చెప్పించుకోవడం చూసినవాడికి, తాను రోజూ ఒంటరిగా గదిలో కూర్చుని రాస్తున్న డిక్టేషన్ దేనికోసమో అర్థమవుతుంది. 2020 తర్వాత ఆన్‌లైన్ డిపొజిషన్లు విస్తరించాయి కాబట్టి ప్రయాణపు ఇబ్బంది కూడా తగ్గింది.

ఇవన్నీ ప్రమాణాలను దించే మాటలని సీనియర్లు అభ్యంతరం చెబుతారు. 225ను తగ్గించమని నేను అనడం లేదు. అప్పీలు కోర్టు సాధారణంగా రికార్డులో ఉన్నదాన్నే చూస్తుంది కాబట్టి, సాక్షి "లేదు" అన్నది రాతలో పడకపోతే ఒక మనిషి ఆస్తో స్వేచ్ఛో పోవచ్చు. ఆ చివరి మెట్టు ఎత్తు అంతే ఉండాలి. అక్కడిదాకా చేరలేనివారికి వట్టి చేతులు చూపించకూడదన్నదే నా వాదన. రిపోర్టర్ల రాతను ఆడియోతో పోల్చి సరిదిద్దే స్కోపిస్టులకు 225 వేగం అక్కర్లేదు. స్టెనో చదవడం, వ్యాకరణం, న్యాయ పరిభాష, సాఫ్ట్‌వేర్ తెలిస్తే చాలు, అవన్నీ 140 దగ్గర ఆగిన విద్యార్థికి ఇప్పటికే చాలావరకు వచ్చు. వాయిస్ రైటింగ్ మరో దారి: మాస్కులోకి మాటలను తిరిగి పలుకుతూ రికార్డు తయారుచేసే ఈ పద్ధతివారికీ లైసెన్సు ఇచ్చేలా కాలిఫోర్నియా 2022లో చట్టం చేసింది. స్టెనో పాఠశాలలు ఈ దారులను పరాయివిగా చూడటం మాని, తమ విద్యార్థిని తామే చేయిపట్టి అటు నడిపించవచ్చు.

మేము పడ్డాం కాబట్టి మీరూ పడాలన్న ధోరణి, మనుషులు దండిగా ఉన్న రోజుల్లో చెల్లింది. ఎన్‌సీఆర్‌ఏ కోసం డకర్ వరల్డ్‌వైడ్ సంస్థ చేసిన 2013-14 నాటి అధ్యయనమే, 2018 నాటికి దేశంలో సుమారు 5,500 మంది రిపోర్టర్ల కొరత ఏర్పడుతుందని అంచనా వేసింది. ఆ కొరతనే కారణంగా చూపి అనేక కోర్టులు ఎలక్ట్రానిక్ రికార్డింగ్ వైపు మళ్ళుతున్నాయి. రికార్డింగ్ యంత్రాన్ని తిట్టుకుంటూ కూర్చునే సంఘాలకు, పాఠశాలలకు నా డిమాండు ఒకటే: ఎంతమంది చేరారు, ఎంతమంది పట్టా పొందారు అన్న రెండు అంకెలతో సరిపెట్టకుండా, ఏ వేగం దగ్గర ఎంతమంది ఎన్ని నెలలు నిలిచిపోయారో, అక్కడి నుంచి ఎంతమంది వెళ్ళిపోయారో మెట్టు మెట్టుకూ లెక్కగట్టి ప్రతి ఏటా బయటపెట్టండి. చేరబోయేవారు ఫీజు కట్టే ముందే దాన్ని చదవగలగాలి.