మా డాబా మీది నాలుగో చెరువు

మన దిక్కు కాకతీయుల చెరువులేవని అడిగితే పిల్లలు కూడా పాకాల, రామప్ప, లక్నవరం అని గడగడా చెప్తారు. ఈ వరుసలో హనుమకొండలోని మా డాబా చెరువును కూడా చేర్చాలని సంబంధిత అధికారులకు ఇందుమూలంగా విన్నవించుకుంటున్నాను. శిఖం భూమిలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, ఒక్క ప్లాటు కూడా పడని చెరువు ఈ ఊళ్లో నాకు తెలిసి ఇదొక్కటే.

దీన్ని కట్టించింది రుద్రదేవుడు కాదు, మా బామ్మర్ది. నిజానికి చెరువని కట్టించలేదు, బొగ్గుల స్మోకరని కొనిచ్చాడు. నల్లటి ఇనుప పీపా. అడుగున బొగ్గులు, మధ్యలో నీళ్ల పళ్లెం, దాని పైన జాలీ, ఆపైన మూత. 110 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు పొగ పెడితే మాంసం వెన్నలా ఊడొస్తుందన్నాడు. వచ్చింది కూడా. దసరా నుంచి ఉగాది దాకా మూడు దావత్‌లు చేశాం. మూడో దావత్ రాత్రి కడుపు నిండింది, నిద్ర ముంచుకొచ్చింది, మూత పెట్టి కిందికి దిగిపోయాం. మూత మీది పొగ కన్నం తెరిచే ఉంది. బూడిద లోపలే ఉంది. చరిత్ర ఇలాగే మొదలవుతుంది.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వానల్లోనే మా ఊరి భద్రకాళి చెరువు కట్ట తెగింది. మా డాబా చెరువు మాత్రం చుక్క వదల్లేదు. పై కన్నం నుంచి ఇన్‌ఫ్లో నిరాటంకంగా సాగింది, నీళ్ల పళ్లెం నిండి పొర్లి మత్తడి దుంకింది. అడుగున గాలి కోసం పెట్టిన తూములేమో బూడిద పూడికతో బిగుసుకుపోయాయి. తడిసిన బూడిద మొదట ముద్దవుతుంది, ఎండితే సిమెంటుకు తమ్ముడవుతుంది. పైగా దానికి గాలిలోని తేమను పీల్చే గుణం. అందులోని క్షారంతోనే మా అమ్మ ఒకప్పుడు జిడ్డు బోళ్లు తోమేది. ఆ బూడిద, ఆ తడి రెండూ కలిసి రాత్రింబవళ్లు ఇనుమును పట్టుకొని కూర్చుంటే తుప్పు రాక పసుపు కుంకుమ వస్తాయా?

నిర్లక్ష్యం చేశామనకండి. మంచి వాటర్‌ప్రూఫ్ కవరు కొని కప్పాం. పగలు ఎండకు లోపలి తేమ ఆవిరయ్యేది, రాత్రికి చల్లబడి కవరు లోపలివైపు చెమట పట్టి మళ్లీ పీపా మీదికే కారేది. బయటి వాన ఆగింది నిజమే, లోపల మాత్రం కవరే వాన కురిపించింది.

ఇంతలో చెరువు వ్యతిరేకులు బయల్దేరారు. మొదటిది మా అమ్మ. "పొద్దుగాల లేవంగనే పొయ్యిల బూడిద ఎత్తుడు మాకు మొదటి పని, కొడుకా. నీకు పొయ్యి కొనుడొక్కటే పని" అంది. రెండోవాడు మా గల్లీ మూల ఇస్త్రీ బండి అతను. వాళ్ల నాయన నాటి బొగ్గుల పెట్టె అది, ఇప్పటికీ మిలమిలలాడుతుంది. రహస్యమేంటని అడిగా. "రహస్యమేంది సార్, సల్లారినంక బూడిద దులుపుడు, గంతే" అన్నాడు. ఇరవై ఏళ్లు ఆఫీసులో ఫైళ్లు దులిపిన నాకే చెప్తున్నాడు.

వీళ్ల డిమాండ్లు వింటే నవ్వొస్తుంది. బూడిదలో నిప్పు దాక్కుంటుంది కాబట్టి మర్నాటిదాకా ఆగి, పూర్తిగా చల్లారాక ఎత్తాలట. నీళ్ల పళ్లెం ఒంపాలి, లేకపోతే బూజు, ఆ వెనుకే దోమలు. మూత లోపల పెచ్చులు కట్టిన మసిని గీకి, జాలీకీ లోపలి గోడలకూ వంటనూనె పల్చగా రాసి, ఒకసారి చిన్న మంట పెట్టి ఆరనివ్వాలి. మిగిలిన బొగ్గులు కూడా తేమ పీల్చేస్తాయి కాబట్టి వాటిని మూతున్న డబ్బాలో పోయాలి. పీపాను మెట్ల కింద నాలుగు ఇటుకల మీద నిలబెట్టి, గాలి ఆడేలా కన్నాలు కాస్త తెరిచి ఉంచాలి. మొత్తం అరగంట పని. అరగంట! 2015లో మిషన్ కాకతీయ పెట్టి వేల చెరువుల్లో పూడిక తీసిన రాష్ట్రం మనది. ఒక పథకం, ఒక పేరు, ఒక శిలాఫలకం లేకుండా ఉత్త చేతులతో పూడిక తీయమంటే ఎట్లా?

మొన్న వానకు గండి పడింది. పీపా అడుగున బొటనవేలంత తుప్పు రంధ్రం పడి, ఎర్రటి నీళ్లు డాబా మీద పారాయి. తీరా చూస్తే జాలీ కూడా చేతిలో పెళుసుగా విరిగింది.

పాత ఇనుప సామాన్లు కొనే అతన్ని పిలిచాను. మూత తీసి చూశాడు, వంచి చూశాడు, గుండుసున్నా ముఖం పెట్టాడు.

"గిది గిట్లనే తూకం ఎయ్య సార్. ముందుగాల బూడిద తీసియ్యుండ్రి."

ఉలి, సుత్తి పట్టుకొని ఎండలో కూర్చున్నాను. మూడు గంటలు పట్టింది.