"రెండూ రొయ్యలే కదా మేడమ్" అట!

ఇప్పుడే కస్టమర్ కేర్ అమ్మాయితో మాట్లాడి ఫోన్ పెట్టేశాను. ఒళ్ళు మండిపోతోంది. ఈ వేడి తగ్గకముందే రాసెయ్యాలి. లేకపోతే మా ఆయన "పోనిద్దూ" అంటాడు, నేనూ పోనిచ్చేస్తాను. ఈసారి పోనివ్వను.

నిన్న రాత్రి ఒక చేపల యాప్‌లో మాంటిస్ రొయ్యలు కనిపించాయి. గొల్లభామలా ముందుకు మడిచిన చేతులు, పలకలు పలకలుగా పొడుగాటి ఒళ్ళు, అచ్చం అవే. ధర చూస్తే వంజరం నయమనిపించింది. అయినా కళ్ళు మూసుకుని నొక్కేశాను. పొద్దున్న డెలివరీ వచ్చింది. డబ్బా తెరిచి చూస్తే తల తీసి, పొట్టు ఒలిచి, నరం లాగేసిన, చెరువుల్లో పెంచే వెనామీ రొయ్యలు! తెల్లగా, బుద్ధిగా, ఒకే సైజులో.

ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఎంత తియ్యగా చెప్పిందో! "స్టాక్ లేదు మేడమ్, సిమిలర్ ఐటమ్ పంపించాం. రెండూ రొయ్యలే కదా."

అమ్మా తల్లీ, అసలది రొయ్యే కాదు. రొయ్యలు, పీతలు అన్నీ ఒక వర్గం. ఇది స్టొమాటోపాడ్ అని పూర్తిగా వేరే వర్గం. వాటి నుంచి విడిపోయి 40 కోట్ల ఏళ్ళు అయ్యుంటుందని చెబుతారు. డైనోసార్లు పుట్టకముందే వేరు కాపురం పెట్టుకున్న జీవిని మీరు పొద్దున్న ఏడింటికి మళ్ళీ ఉమ్మడి కుటుంబంలో కలిపేశారు. పైగా యాప్‌లో పెట్టిన ఫోటో కూడా మనది కాదు. తోక మీద కళ్ళలాంటి రెండు మచ్చలున్నాయంటే అది మధ్యధరా సముద్రంలో దొరికే రకం. ఇటలీ వాళ్ళు వండుకునేది. ఫోటో ఇటలీది, సరుకు చెరువుది, డబ్బులు మాత్రం నావి.

ఇదంతా ఎక్కడ జరిగిందో చెప్పనా? ఏ ఆదిలాబాద్‌లోనో కాదు, విశాఖపట్నంలో. మా బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. ఫిషింగ్ హార్బర్‌కి బండి మీద వెళ్తే టిఫిన్ చల్లారకముందే తిరిగొచ్చేయొచ్చు.

"అయితే హార్బర్‌కే వెళ్ళి కొనుక్కోవచ్చుగా" అంటారేమో. వెళ్ళలేదనుకున్నారా? సోనా బోట్లు, అదే పెద్ద మరబోట్లు, వచ్చి సరుకు దించే టైమ్‌కే వెళ్ళాను. టైగర్ రొయ్యలు ఒక ట్రేలో, చందువలు ఒక ట్రేలో, కోనాం చేపలు వరసగా పడుకోబెట్టి, వాటి మీద ఐసు, చుట్టూ వేలం పాట, అరుపులు. ఆ పక్కనే తడి నేల మీద ఇంకో కుప్ప. దానికి ట్రే లేదు, ఐసు లేదు, పాడేవాడు లేడు. పిల్ల పీతలు, పేరు తెలియని చిట్టి చేపలు, బురద, వాటి మధ్య బూడిద రంగులో నా మాంటిస్ రొయ్యలు. కొన్నింటి కాళ్ళు ఇంకా కదులుతున్నాయి. ఒకతను ఇసుక ఎత్తినట్టు పారతో ఎత్తి వాటిని బస్తాలోకి వేస్తున్నాడు.

అక్కడున్న చేపల ఆవిడని అడిగితే నన్ను ఎగాదిగా చూసింది. "అదేటి సేసుకుంటావమ్మా? కోళ్ళ మేతకి పోద్ది అది. సెయ్యి పెడితే కోసుకుపోద్ది. ఇదిగో, కోనాం ఉంది, ముక్కలు కొట్టించీమంటావా?"

మీరు తినరా అని అడిగాను. నవ్వింది. "మాం తింతాం. పొద్దుట పడ్డవైతే ఉడకబెట్టీసి పిల్లలకి పెట్టీస్తాం. భలేగుంటాది."

చూశారా! రుచి తెలిసినవాళ్ళు ఇంట్లో తినేస్తున్నారు, మనకి మాత్రం కోళ్ళ మేత అని చెబుతున్నారు. మిగతాది నిజంగానే మేతకి పోతోంది. అంటే మనమూ తింటున్నాం లెండి, కోడి పొట్టలోంచి వచ్చాక. చికెన్ సిక్స్‌టీఫైవ్ రూపంలో.

ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ మాటలో నిజముంది. ఈ జీవితో వచ్చిన చిక్కేమిటంటే, చచ్చిన కాసేపటికే దాని ఒంట్లో రసాలే దాని కండని కరిగించడం మొదలుపెడతాయి. పైకి గుల్ల నిక్షేపంగా ఉంటుంది, లోపల జావ అయిపోతుంది. అందుకే జపాన్‌లో ఒడ్డుకు రాగానే ఉడకబెట్టేస్తారు, తర్వాతే సుషీలోకి. హాంకాంగ్‌లో ప్రాణంతోనే అమ్ముతారు. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయని ఒక్కోదాన్ని ఒక్కో ప్లాస్టిక్ సీసాలో పెడతారు. పురుగుకి సొంత గది! మన దగ్గర బోటు రోజుల తరబడి సముద్రంలో ఉంటుంది, ఉన్న ఐసు ఖరీదైన సరుక్కే చాలదు. కాబట్టి కొంటే బోటు ఒడ్డుకి తిరిగే ముందు వేసిన ఆఖరి వలలో పడ్డవి కొనాలి, లేదా పొద్దున్న వెళ్ళి ఆ పూటే తిరిగొచ్చే చిన్న పడవల దగ్గర కొనాలి. చేత్తో పట్టుకుంటే బరువుగా, గట్టిగా ఉండాలి. నడుం దగ్గర నొక్కితే గుల్ల లోపలికి పోయిందా, వదిలెయ్యండి. అమ్మోనియా వాసన వస్తే వదిలెయ్యడం కాదు, పరిగెత్తండి.

వండటంలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఉప్పు, పసుపు వేసి మరిగే నీళ్ళలో నాలుగైదు నిమిషాలు. కత్తెర తీసుకుని రెండు పక్కలా అంచుల వెంట కత్తిరిస్తే గుల్ల పలకలా లేచొస్తుంది. తోక దగ్గర ముళ్ళు జాగ్రత్త, మా పనమ్మాయి నన్ను పేరు పెట్టి తిట్టేంత పదునుగా ఉంటాయి. లోపల కండ రొయ్య కన్నా తియ్యగా, మెత్తగా ఉంటుంది. ఆడదై, గుడ్ల మీద ఉంటే వీపు వెంట నారింజ రంగు పుల్లలా గుడ్ల కడ్డీ ఉంటుంది. అది దొరికినవాళ్ళు అదృష్టవంతులు. వెల్లుల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు, మిరియాల పొడితో నూనెలో రెండు తిప్పులు తిప్పితే చాలు. మసాలా ముద్ద వేశారో, మనిద్దరికీ మాటల్లేవు.

"అంత గుల్ల తీస్తే ఇంతే కండ, ఎవరికమ్మా ఓపిక" అని ఒక స్నేహితురాలు అంది. ఆహా! పులస తినేటప్పుడు ఈ ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? పుస్తెలమ్మైనా పులస తినాలట! నోట్లో ముద్ద పెట్టుకుంటే ముల్లు, తీస్తే ఇంకో ముల్లు. దానికి వేలకి వేలు పోస్తారు, యానాంలో ఒక చేప వేలంలో ఎంత పలికిందో పేపర్లో వార్త వేస్తారు. అందులో చాలా గోదావరి మొహం చూడని ఒడిశా ఇలసలే (సముద్రంలో ఉన్నంతకాలం పులస పేరు అదే), ఐసులో రైలెక్కి వచ్చి ఇక్కడ పులస అయిపోతాయి. వాటి దగ్గర రాని బద్ధకం నా రొయ్య దగ్గరే వచ్చిందా? (సరే, రొయ్య కాదు. నాక్కూడా అలవాటైపోయింది.)

అసలు ఈ వెనామీ సంగతి చూడండి. అది మన బంగాళాఖాతంలో పుట్టిందేం కాదు, అటు మెక్సికో, పెరూ వైపు పసిఫిక్ తీరానిది. 2009లో మన దేశంలో పెంచుకోవడానికి అనుమతిచ్చారు, ఇవాళ రొయ్య అంటే అదే. మంచి సైజులు చాలావరకు అమెరికా లాంటి దేశాలకి పోతాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెంచగానే అందరికీ ఒక్కసారి మనం గుర్తొచ్చాం. "మన రొయ్యలు మనమే తిందాం" అని ఉపన్యాసాలు. అయ్యా, మేం తినం అన్నామా? మీరు పెట్టారా? మా తీరం 974 కిలోమీటర్లని బళ్ళో బట్టీ పట్టించారు. ఇప్పుడు మళ్ళీ కొలిచి 1,053 అంటున్నారు. తీరం పెరిగింది, నా కంచంలోకి మాత్రం కొత్తగా ఏమీ రాలేదు.

అన్నిటికన్నా నాకు మండేది ఇది కాదు. మా వదిన, అంటే మా ఆయన అక్క, సింగపూర్‌లో ఉంటారు. మా ఇంటికి వచ్చినప్పుడు పొద్దున్నే లేచి పీతలు తెచ్చి, శుభ్రం చేసి, చింతపండు పులుసు పెట్టాను. మూత తియ్యగానే కర్చీఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. "ఈ వాసన ఎలా భరిస్తున్నావమ్మా, పిల్లలకి పెరుగన్నం పెట్టెయ్" అన్నారు. అన్నయ్యగారు రెండు ముక్కలు వేసుకున్నారు గానీ ఆవిడ కంటిచూపు చూసి మూడోది మానేశారు, పాపం. అదే వదిన నాలుగు నెలలు తిరక్కుండా హాంకాంగ్ వెళ్ళి, పళ్ళెం నిండా వేయించిన మాంటిస్ రొయ్యల ముందు కూర్చుని, రెండు చేతులకీ ప్లాస్టిక్ గ్లవ్స్ వేసుకుని ఫోటో పెట్టారు. "దివ్యంగా ఉంది, లైఫ్‌లో ఒక్కసారైనా తినాలి" అట. కింద మా ఆయన లవ్ సింబల్!

అక్కడ తింటే అనుభవం, మా వంటింట్లో ఉడికితే కంపు. మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లోనూ ఇదే గోల. చేపల సంచితో లిఫ్ట్ ఎక్కితే "ఎవరో లిఫ్ట్‌ని ఫిష్ మార్కెట్ చేస్తున్నారు" అని పేరు పెట్టకుండా మెసేజ్ పెడతాడు ఒక పెద్దమనిషి. ఆయన ఫ్లాట్‌కి రాత్రి పదకొండింటికి వచ్చే పార్సిల్స్‌లో ఏముంటుందో వాచ్‌మన్‌కి తెలుసు, నాకు తెలుసు. సముద్రం వ్యూ ఉందని ఎక్కువ డబ్బు పోసి కొన్నారుగా, సముద్రానికి వాసన ఉండకూడదంటే ఎలాగండీ?

వదిన వాళ్ళు సంక్రాంతికి మళ్ళీ వస్తున్నారు. "ముల్లు లేకుండా వంజరం ఫ్రై చేయించు" అని మా ఆయనకి మెసేజ్ వచ్చింది. నాకు కాదు, ఆయనకి. ఆయనే చేసుకుంటాడు లెండి. ఆ పూట నేను నా పళ్ళెం, నా కత్తెర పట్టుకుని బాల్కనీలో కూర్చుంటాను.

దానికి సరుకు కావాలి కదా. హార్బర్‌లో గానీ, పెదజాలరిపేటలో గానీ, భీమిలి వైపు గానీ పడవలవాళ్ళు తెలిసినవాళ్ళుంటే ఇన్‌బాక్స్ చెయ్యండి. సంక్రాంతికల్లా కావాలి. తెల్లారకట్ల రమ్మన్నా వస్తాను, ఐసు పెట్టె నేనే తెచ్చుకుంటాను, కోళ్ళ మేత ధరకి రెండింతలిస్తాను. "దానికంత హైరానా ఎందుకు, వంజరం తీసుకోవచ్చుగా" అని కామెంట్ పెట్టేవాళ్ళని మాత్రం బ్లాక్ చేస్తాను. వదినా, మీరు కూడా చదువుతున్నారని తెలుసు.