అప్‌డేట్ ఆగుతున్నది మన ఇంట్లో కాదు, హైదరాబాద్ దారిలో

ఆన్‌లైన్ గేములకు పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ హనుమకొండ, కాజీపేట మొదలుకొని కరీంనగర్, మంచిర్యాల దాకా ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది. నెలనెలా డబ్బు కట్టేది 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు, స్పీడ్‌టెస్ట్ చూపించేదీ వందే, గేమ్ మాత్రం సెకనుకు ఒక మెగాబైటు దగ్గర తచ్చాడుతూ రాత్రంతా డౌన్‌లోడ్ అవుతూనే ఉంటుంది. దీన్ని కుర్రాళ్ల కాలక్షేపం కింద కొట్టిపారేయడం పెద్దలకు అలవాటైపోయింది. ఆ అలవాటు మానుకోవాలి. ఈ నత్తనడకకు అసలు కారణం ఉత్తర తెలంగాణ ఇంటర్నెట్ మొత్తాన్నీ హైదరాబాద్ వాకిట్లో వరుస కట్టించిన ఏర్పాటు.

ముందుగా ఒక లెక్క తేల్చుకోవాలి. ప్లాన్‌లో రాసే ఎంబీపీఎస్ మెగాబిట్ల లెక్క, గేములను దించి నడిపే లాంచర్ ప్రోగ్రాములు సాధారణంగా చూపించేది మెగాబైట్ల లెక్క, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకు 12.5 మెగాబైట్లు వస్తే అది పూర్తి వేగమే, అందులో ఎవరి మోసమూ లేదు. ఆ వేగంతో 50 జీబీ అప్‌డేట్ 67 నిమిషాల్లో దిగిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి నయీంనగర్‌లోనో కిషన్‌పురలోనో ఒక హాస్టల్ గదిలో తెర మీది అంకె 1.2, 1.3 మధ్య ఊగిసలాడుతుంటే అదే అప్‌డేట్‌కు పదకొండు గంటలు పడుతుంది. బిట్లు, బైట్ల గందరగోళంతో ఈ తేడాను సర్దిచెప్పలేం.

సర్వీసు ఇచ్చేవాళ్ల జవాబు ఎప్పుడూ ఒక్కటే: వైఫై బాగాలేదు, కంప్యూటర్ పాతది, రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఇందులో కొంత నిజముంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద, రెండు గోడల అవతల కూర్చుంటే వేగం పడిపోతుంది. స్టీమ్ లాంటి లాంచర్ మారిన భాగాలను మాత్రమే తెచ్చి, వాటితో డిస్కు మీద పెద్ద ఫైళ్లను తిరిగి కూరుస్తుంది కనుక, పాత హార్డ్ డిస్కులున్న నెట్ సెంటర్లలో అప్‌డేట్ ఆగి ఆగి నడవడానికి డిస్కే కారణమైన సందర్భాలూ ఉన్నాయి. అయితే అదే కంప్యూటర్‌కు, అదే కేబుల్ మీద, తెల్లవారుజామున ఐదింటికి పూర్తి వేగం అందుతున్నప్పుడు ఈ వాదన నిలవదు. డిస్కుకు పొద్దూ మాపూ తేడా ఉండదు.

తప్పు ఎక్కడుందో తెలియాలంటే వీధిలోంచి లెక్క మొదలుపెట్టాలి. మన వీధుల్లో కరెంటు స్తంభాలకు వేలాడే చిన్న నల్లటి పెట్టెల్లో స్ప్లిటర్లు ఉంటాయి. ఆపరేటర్ గది నుంచి వచ్చిన ఒకే ఫైబర్‌ను అవి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతాయి. ఎక్కువగా వాడే జీపాన్ అనే ఫైబర్ పంపిణీ పద్ధతిలో ఆ ఒక్క ఫైబర్ మీద డౌన్‌లోడ్‌కు దాదాపు 2.5 గిగాబిట్ల సామర్థ్యం ఉంటుంది. 64 ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తి వేగంతో లాగినా ఇంటికి 38 ఎంబీపీఎస్‌కు పైగా, అంటే సెకనుకు దాదాపు ఐదు మెగాబైట్లు రావాలి. అన్ని ఇళ్లూ అలా లాగే క్షణమే అరుదు, అయినా మనకు అందుతున్నది అందులో నాలుగో వంతు. అంటే ఇరుకు వీధిలో కాకుండా ఆపరేటర్ గదికి అవతల ఉందన్నమాట.

అవతల ఉన్నది హైదరాబాద్ దారి. మన చిన్న ఆపరేటర్లు బ్యాండ్‌విడ్త్‌ను పెద్ద కంపెనీల దగ్గర టోకుగా కొని ఇక్కడ చిల్లరగా అమ్ముతారు. వంద ఎంబీపీఎస్ చొప్పున వేయి ఇళ్లకు అమ్మినవారు వేయి వందలూ కొనరు. అందరూ ఒకేసారి వాడరన్న నమ్మకంతో అందులో చిన్న భాగం కొంటారు. ఈ వ్యాపారం ప్రపంచమంతటా ఇలాగే నడుస్తుంది, అదొక్కటే నేరం కాదు. ఎంత తక్కువ కొన్నారో వాడుకదారుకు చెప్పకపోవడం మాత్రం ముమ్మాటికీ నేరమే. దూరం మీద నెపం వేయడానికీ వీల్లేదు: వరంగల్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 145 కిలోమీటర్లు, ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, ఆ లెక్కన వెళ్లి రావడానికి ఒకటిన్నర మిల్లీసెకను చాలు. కొరత ఉన్నది కొన్న సామర్థ్యంలో.

స్పీడ్‌టెస్ట్ ఈ కొరతను పట్టుకోకపోవడానికి కారణం ఉంది. ఆ యాప్‌లు దగ్గరలోని సర్వర్‌ను ఎంచుకుంటాయి, చాలాసార్లు ఆ సర్వర్ మనకు సర్వీసు ఇచ్చే కంపెనీదే అయి ఉంటుంది. అందువల్ల అక్కడ కనిపించే వంద మన ఇంటికీ ఆపరేటర్ గదికీ మధ్య ఉన్న వేగం. వీడియోలు కూడా లోపాన్ని బయటపెట్టవు. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ తమ సర్వర్ పెట్టెలను సర్వీసు కంపెనీల నెట్‌వర్కుల్లోనే పెట్టుకుంటాయి, పైగా దారి ఇరుకైనప్పుడు చిత్రం నాణ్యత తగ్గించి బండి లాగిస్తాయి. గేమ్ అప్‌డేట్‌కు ఆ వెసులుబాటు లేదు. ఒక్క బైటు తగ్గినా గేమ్ తెరుచుకోదు, ప్రతి బైటూ దూరపు సర్వర్ నుంచి అచ్చంగా రావాలి, అదీ విడుదలైన సాయంత్రమే ఊళ్లో ఆడేవాళ్లందరికీ కావాలి. కనెక్షన్ అసలు బలం తేల్చడానికి ఇంతకు మించిన పరీక్ష లేదు. 2020 మార్చిలో, లాక్‌డౌన్ల వేళ, స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ ఈమధ్య ఆడని గేముల ఆటోమేటిక్ అప్‌డేట్లను రద్దీ లేని వేళలకు వాయిదా వేసింది. అప్‌డేట్లు నెట్‌వర్కు మీద ఎంత బరువు మోపుతాయో దాన్నిబట్టే తెలుస్తుంది.

అసలు విషయం ఇక్కడుంది. 30 జీబీ అప్‌డేట్ హనుమకొండలో వేయి ఇళ్లకు కావాలనుకుందాం. ఇప్పుడున్న ఏర్పాటులో ఒకే ఫైలు వేయిసార్లు హైదరాబాద్ దారిలో ప్రయాణిస్తుంది. మొత్తం 30 వేల జీబీ. 10 గిగాబిట్ల లింకును వేరే దేనికీ వాడకుండా పూర్తిగా దానికే కేటాయించినా 6 గంటల 40 నిమిషాలు పడుతుంది. ఒకసారి వచ్చిన ఫైలును దాచుకుని అడిగినవాళ్లందరికీ అందించే క్యాషె సర్వర్ ఒకటి ఊళ్లోనే ఉంటే ఆ ఫైలు ఒక్కసారి వస్తుంది, అర నిమిషం లోపే, మిగిలిన 999 సార్లు ఊళ్లోనే తిరుగుతుంది. ఇందులో కొత్త టెక్నాలజీ ఏమీ లేదు. లాన్‌క్యాష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గేమింగ్ పోటీల నిర్వాహకులు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. 2023 నుంచి స్టీమ్ కూడా ఒకే నెట్‌వర్కులోని ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు గేమ్‌ను నేరుగా పంపుకోనిస్తోంది. ఒక గదిలో చేయగలిగింది ఒక నగరానికి చేయలేకపోవడానికి సాంకేతికమైన అడ్డంకి లేదు, చేయాలన్న పట్టింపే లేదు.

యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద కంపెనీలు తమ సర్వర్ పెట్టెలను ఉచితంగా ఇవ్వాలన్నా నిర్ణీత స్థాయి ట్రాఫిక్ అడుగుతాయి, మన చిన్న ఆపరేటర్లలో ఏ ఒక్కరూ విడిగా ఆ స్థాయిని అందుకోవడం కష్టం. అందరూ ఒకచోట కలిస్తే అందుకుంటారు. ఇంటర్నెట్ ఎక్స్చేంజీ అంటే ఆ కలిసే చోటే. దేశంలో ట్రాఫిక్ దేశంలోనే చేతులు మారాలని 2003లో జాతీయ ఇంటర్నెట్ ఎక్స్చేంజీ అయిన నిక్సీని స్థాపించినప్పుడు చెప్పిన తర్కం ఇదే. అది జిల్లా ట్రాఫిక్‌కు కూడా అక్షరాలా వర్తిస్తుంది.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ విషయంలో మనకు అక్కరకు రాలేదు. 2024 దాకా అమల్లో ఉన్న 2006 నాటి ట్రాయ్ బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనలు వాడుకదారుకు చెప్పిన వేగంలో 80 శాతానికి పైగా అందాలన్నాయి, కానీ దాన్ని కొలిచింది కంపెనీ నోడ్ నుంచి, అంటే దాని స్థానిక కేంద్రం నుంచి, ఇంటి దాకా మాత్రమే. అక్కడి నుంచి ఇంటర్నెట్ వైపు పోయే పైదారి లింకుల వాడకం రద్దీ వేళ 80 శాతం దాటకూడదని, 90 దాటితే నెల రోజుల్లో సామర్థ్యం పెంచాలని కూడా అందులో ఉండేది. ఈ నిబంధన వరంగల్ లింకుల మీద ఎంత అమలైందో ఒక సామాన్య వాడుకదారు చూసి తెలుసుకునే మార్గమే లేదు. రాష్ట్రం ఏర్పడి దశాబ్దం దాటినా టెలికాం లైసెన్సు లెక్కల్లో మనం ఇంకా ఆంధ్రప్రదేశ్ సర్కిలే. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఒకే సగటు. హైటెక్ సిటీ వేగంతో కలిపి తీసిన సగటులో కాజీపేట గోస ఎట్లా కనబడుతుంది? కనీస బ్రాడ్‌బ్యాండ్ వేగాన్ని 2023లో 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచి అదే గొప్పగా చెప్పుకున్నారు.

తెలంగాణలో ప్రతి దారినీ హైదరాబాద్‌లో ముగిసేలా వేయడం మన పాలకులకు పాత జబ్బు, నెట్‌వర్కు దానికి తాజా రూపం. ఢిల్లీ, చెన్నైలను కలిపే ప్రధాన రైలు మార్గం కాజీపేట మీదుగా పోతుంది, ఆ పట్టాల వెంట రైల్వే టెలికాం సంస్థ రైల్‌టెల్ ఫైబర్ నడుస్తుంది; దేశపు వెన్నెముక లాంటి తీగ మన స్టేషన్ పక్కనుంచే పోతుంటే మన గేమ్ ఫైలు మాత్రం హైదరాబాద్ చుట్టూ తిరిగి రావాలి. మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్ తీగలకూ చోటు చేశారు, 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఊళ్లలో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. మంచి పని. ఆ తీగలు కూడా చివరికి ఒకే నగరంలో ఒకే మూతి దగ్గర తేలితే పల్లెకు చేరిన ఫైబర్ మీద పల్లె వేగమే ఉంటుంది. రెండో శ్రేణి నగరాలకు ఐటీ రావాలని 2020 జనవరిలో వరంగల్ దగ్గరి మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలను ఆర్భాటంగా తెరిచారు. భవనాలతో పాటు ఇంటర్నెట్ కూడలి కూడా రావాలన్న ఆలోచన ఎవరికీ తట్టలేదు.

కావలసినవి చాలా చిన్నవి. మడికొండ ఐటీ పార్కులో నిరంతర విద్యుత్తు ఉన్న ఒక గదిని ఎక్స్చేంజీకి కేటాయించి, వరంగల్, కరీంనగర్, ఖమ్మం వైపు ఆపరేటర్లను అక్కడ కలపాలి. టీ-ఫైబర్ ఆ గదికి లింకు ఇవ్వాలి. గేమ్, వీడియో సంస్థల క్యాషె సర్వర్లను అక్కడికి ప్రభుత్వమే అడిగి తెప్పించాలి. ప్రతి ఆపరేటరూ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య తన పైదారి లింకు ఎంత నిండిందో జిల్లావారీగా ప్రతి నెలా ప్రకటించాలని, 90 శాతం దాటిన నెలకు వాడుకదారు బిల్లులో కోత వేయాలని ట్రాయ్ ఆదేశించాలి.