దేశాలు కోసుకు తినే విధానం

ఏ దేశాన్నయినా మింగదలచినవారు ముందుగా దాన్ని తినే వస్తువుగా బొమ్మ గీయించుకోవాలి. ఊళ్లూ పొలాలూ ఉన్న నేల మీద కత్తి పెట్టాలంటే చెయ్యి కాస్త వణుకుతుంది. పుడ్డింగ్ దగ్గర ఆ బాధ లేదు.

ఈ శాస్త్రంలో ప్రామాణిక పాఠం 1805 ఫిబ్రవరి 26న లండన్‌లో వెలువడిన జేమ్స్ గిల్‌రే కార్టూన్. పళ్లెంలో పుడ్డింగ్‌లా ఆవిర్లు కక్కుతున్న భూగోళం. ఇటు బక్కపలచటి బ్రిటన్ ప్రధాని పిట్, అటు కుర్చీలోంచి సగం లేచిన పొట్టి నెపోలియన్. పిట్ తొందరపడడు. త్రిశూలం లాంటి ఫోర్కు గుచ్చి, అట్లాంటిక్‌ను నిలువునా కోసుకుంటాడు. నెపోలియన్‌ది ఆబ. కత్తితో యూరప్‌ను చెక్కేస్తూ, ఫోర్కును హానోవర్‌లో దించాడు. జర్మన్ నేలలోని హానోవర్ ఇంగ్లండు రాజుగారి సొంత పిత్రార్జితం! ఆ ఏడాది చివరికి ట్రఫాల్గర్ యుద్ధంలో సముద్రం బ్రిటన్‌కు, ఆస్టర్‌లిట్జ్ యుద్ధంలో నేల నెపోలియన్‌కు దక్కాయి. గిల్‌రే పెట్టిన గాటు మీదే తెగిందన్నమాట.

గీసేవాడి పనీ తేలికేం కాదు. రాగి రేకుకు మైనం పూత పట్టించి, సూదితో గీకి, గీకినచోట ఆమ్లం తినేలా చెయ్యాలి. అచ్చులో బొమ్మ అద్దంలోలాగా తిరగబడుతుంది కాబట్టి గీతలూ అక్షరాలూ అన్నీ ముందే తిరగేసి గీయాలి. మరిచారా, అట్లాంటిక్‌కు పడమట యూరప్ తేలుతుంది. ఎవరి ముక్క ఎవరిదో తేల్చడానికి ఇంకో యుద్ధం కావాలి.

కోయడం రానివారికి తొక్కే పద్ధతి ఉంది. 1892 డిసెంబర్ 10 నాటి లండన్ హాస్యపత్రిక ‘పంచ్’లో లిన్లీ శాంబోర్న్ గీసిన సెసిల్ రోడ్స్, ఆఫ్రికాలో బ్రిటిష్ సామ్రాజ్యం పెంచినవాడు, ఒక కాలు కైరోలో, ఒక కాలు కేప్‌టౌన్‌లో వేసి, చేతుల్లో టెలిగ్రాఫ్ తీగ పట్టుకుని నిలబడ్డాడు. బూట్ల కింద ఎవరున్నారో కనపడరు. బూట్లు ఉన్నదే అందుకు.

కాగితాల మీద మాత్రం మర్యాదైన మాట వాడాలి. 1800లో నిజాం, కంపెనీ సైన్యం ఖర్చు కింద కడప, బళ్లారి సీమల్ని రాసిచ్చేస్తే వాటికి ‘దత్తమండలాలు’ అని పేరొచ్చింది. వినడానికి ఎంత బాగుంది! పిల్లవాణ్ణి దత్తతకిచ్చినట్టు.

ఇక చేతికి మరక అంటకుండా తినే విద్య 1898 జనవరి 16 నాటి ‘ల పెటి జూర్నాల్’ పత్రిక బొమ్మలో ఉంది. చైనా అనే కేకు చుట్టూ విందు. బ్రిటన్ రాణి విక్టోరియా, జర్మన్ చక్రవర్తి కైజర్ ఒకరినొకరు గుడ్లురిమి చూసుకుంటున్నారు. కైజర్ కత్తి అప్పటికే కేకులో దిగింది. రష్యా జారు నికోలాస్ ముక్క మీద కన్నేశాడు, జపాన్ సమురాయ్ ఆలోచనలో పడ్డాడు. కేకు సొంతదారు వెనకాల చేతులెత్తి కేకలేస్తున్నాడు. ఆయనకు కుర్చీ వెయ్యలేదు. ఫ్రాన్స్ తల్లి మరియన్ జారు భుజం పక్కన పెద్దమనిషి తరహాగా నిలబడి ఉంది. ఆమె చేతిలో కత్తి లేదు.

పత్రిక ఫ్రాన్సుది మరి. ఆ ఏప్రిల్‌లోనే చైనాలోని గ్వాంగ్‌జౌవాన్‌లో ఫ్రెంచి జెండా లేచింది. తర్వాత 99 ఏళ్ల లీజు. కత్తి ఎక్కడో దొరికినట్టుంది.